తప్పునకు దండన, బ్రతుకునకు దారి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఒక పల్లెలో గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు తలుపులు మూయక నడచుట సామాన్య విషయము కాదు. ఇట్టి సభలలో వక్తలు పుస్తక పఠన మహిమను గూర్చి చెప్పుట వాడుక. ఆ మహిమ మీకు నాకంటె బాగుగా తెలియును. అందుచేతనే కార్యదర్శిగారు నన్ను పిలిచినపుడు, మా చందాదారులకు పనికివచ్చు సంగతి యేదైన చెప్పుడని కోరిరి. ఆలోచించి నేడు కొంచెము విచిత్రముగా తోచు విషయమును ఎన్నుకొంటిని. మద్యము సేవించి కారు నడపి పట్టుబడిన మనిషికి అమెరికా దేశమున లైసెన్సు విషయమున ఏమి జరుగును, అతడు మరల పనికి పోవుటకు ప్రభుత్వము ఏ షరతులతో దారి చూపును అనునదే నా విషయము.

ఇది మనకేల అని మీరు అడుగవచ్చును. నేడు మన పల్లెలలో అమెరికాలో చదువుచున్న బిడ్డగాని, ఉద్యోగము చేయుచున్న బిడ్డగాని లేని వీధులు తక్కువ. అచ్చటినుండి ఫోనులో వచ్చు వార్తలలో సగము చెప్పి సగము మ్రింగు వార్త ఇది. అది విన్న తల్లిదండ్రులకు తోచు ప్రశ్నలు రెండు. జైలులో పెట్టుదురా? ఉద్యోగము పోవునా? ఈ రెంటికి నడుమ లైసెన్సు అను చిన్న కార్డు ఒకటి కలదు. పెక్కుసార్లు ఆ సంసారము నిలుచుటయు కూలుటయు దానిపైననే ఆధారపడి యుండును.

ముందుగా ఒక సంగతి గ్రహింపవలెను. మనకు బస్సు తప్పిన ఆటో దొరకును, ఆటో తప్పిన పొరుగువాని బండి దొరకును, ఏదియు లేకున్న కాళ్లున్నవి. అమెరికాలో న్యూయార్కువంటి కొన్ని మహానగరములను విడిచినచో పరిస్థితి ఇట్లుండదు. ఇల్లొకచోట, పని ఇరువది ముప్పది మైళ్ల దూరమున మరియొకచోట. అనేక పట్టణములలో బస్సు అరుదు. పాలు తెచ్చుటకు, పిల్లలను బడికి చేర్చుటకు, వైద్యుని చూచుటకు కూడ కారే గతి. అచ్చట డ్రైవింగు లైసెన్సు విలాస వస్తువు కాదు. మన రైతునకు కాడియెద్దు లెట్టివో అచ్చటి ఉద్యోగికి లైసెన్సు అట్టిది.

ఈ సత్యమును ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము 1971లో ఒక తీర్పులో అంగీకరించెను. బెల్ అను క్రైస్తవ మతాచార్యుడు జార్జియా రాష్ట్రమున మూడు పల్లె ప్రాంతములలోని తన వారిని చూచుటకు కారులో తిరుగుచుండెడివాడు. 1968లో అయిదేండ్ల బాలిక యొకతె సైకిలు త్రొక్కుచు వచ్చి ఆయన కారు ప్రక్కకు తగిలెను. ఆయనకు భీమా లేదు. తప్పెవరిదో విచారింపకయే, సొమ్ము పూచీ చూపనందున లైసెన్సు నిలిపివేయుదుమని ప్రభుత్వము చెప్పెను. వ్యవహారము పైకోర్టు వరకు పోగా న్యాయమూర్తులు తేల్చిన దేమన, ఒకసారి ఇచ్చిన లైసెన్సు మనిషి జీవనోపాధికి అవసరమైనది కావచ్చును. దానిని తీసివేయవలెనన్న అతని మాట వినుటకు తగిన విచారణ ఉండవలెను. ఆ మతాచార్యుడు త్రాగి నడపినవాడు కాడు. అయినను తరువాతి కాలమున లైసెన్సును గూర్చి వచ్చిన వివాదములు అనేకము ఆ తీర్పును తలచుకొనకుండ సాగలేదు.

ఇది ఒక వైపు. రెండవ వైపున చావులున్నవి. వానిని చెప్పకుండ ఈ విషయమును చెప్పుట అన్యాయము.

2023లో ఆ దేశమున మద్యము మత్తులోనున్న డ్రైవర్ల వలన కలిగిన ప్రమాదములలో 12,429 మంది మరణించిరి. లెక్క కట్టినచో సుమారు 42 నిమిషములకు ఒక ప్రాణము. అంతకుముందు సంవత్సరమున ఈ సంఖ్య 13,524. ఈ చనిపోయినవారిలో త్రాగినవారు మాత్రమే కాదు, ఎదుటి కారులోని తల్లులు, దారిని పోవు పిల్లలు కూడ ఉన్నారు.

త్రాగి నడపుట అచ్చట చిరకాలము నవ్వులాటగానే సాగెను. త్రాగినాడని రుజువు చేయుట కష్టము. నోరు వాసన వచ్చినదనియు, నడక తడబడినదనియు పోలీసు చెప్పినచో, జలుబు చేసినదనియు, చెప్పు కరచినదనియు ముద్దాయి చెప్పెడివాడు. ఇండియానా విశ్వవిద్యాలయమున పనిచేసిన రోలా హార్గర్ అను శాస్త్రజ్ఞుడు 1930 తరువాతి సంవత్సరములలో ఊపిరిని బట్టి మత్తును కొలుచు యంత్రమును నిర్మించెను. 1954లో రాబర్ట్ బోర్కెన్‌స్టైన్ అను ఆయన సులభముగా వాడదగిన ‘బ్రెత్‌ఎనలైజరు’ను కనిపెట్టెను. యంత్రము వచ్చినను ఊదుటకు మనిషి ఒప్పుకొనవలెను గదా! దీనికి న్యూయార్కు రాష్ట్రము 1953లో ఒక ఉపాయము పన్నెను. ప్రజల రోడ్డుపై బండి నడపువాడు, పోలీసు న్యాయముగా కోరినపుడు పరీక్షకు ముందే సమ్మతించినట్లు భావింపబడును. కాదన్నచో లైసెన్సు పోవును. ఈ సూత్రము క్రమముగా అన్ని రాష్ట్రములకు వ్యాపించెను.

చట్టముండియు జనుల మనసు మారుటకు ఒక తల్లి దుఃఖము కావలసి వచ్చెను. 1980 మే నెలలో కాలిఫోర్నియాలో కాండేస్ లైట్నర్ అను ఆమె పదమూడేండ్ల కుమార్తె దారి ప్రక్కన నడచిపోవుచుండగా త్రాగిన డ్రైవరు కారు క్రింద పడి మరణించెను. అతడు అంతకుముందును అదే నేరమునకు పట్టుబడినవాడు. ఆ తల్లి ఇంట కూర్చుండి ఏడ్చుటతో ఊరకొనలేదు. ఆ సంవత్సరమే తల్లుల సంఘమును స్థాపించి శాసనసభల తలుపులు తట్టెను. మనకు ఇది క్రొత్త కథ కాదు. 1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులలో చదువు నేర్చిన స్త్రీలు, రోసమ్మ మొదలైనవారు, సారా దుకాణమును మూయించిన సంగతి ఈ సభలోని పెద్దలకు జ్ఞాపకముండును. వయోజనుల పాఠములోని కథ వారి ఇంటి కథగా తోచినందున ఆ ఉద్యమము రాష్ట్రమంతట ప్రాకెను. రెండు దేశములలోను మద్యమును గూర్చి ముందు లేచినవారు స్త్రీలే.

తల్లుల ఉద్యమము వలన చట్టములు కఠినమాయెను. రక్తమున మద్యము 0.08 శాతమున్నచో నేరమను కొలతను అన్ని రాష్ట్రములు అంగీకరించునట్లు 2000లో కేంద్ర శాసనము వచ్చెను. 2004 నాటికి అన్నియు అంగీకరించెను. యూటా రాష్ట్రము 2018 చివరనుండి దీనిని 0.05కు తగ్గించెను. మద్యము కొనుటకు 21 సంవత్సరములు నిండి యుండవలెనను నియమము 1984 నాటి కేంద్ర శాసనము వలన దేశమంతట ఏర్పడెను. పై చదువులకు పోవు మన పిల్లలు ఈ 21 సంఖ్యను మరువరాదు. కాలిఫోర్నియాలో ఆ వయసు నిండని డ్రైవరు ఊపిరిలో 0.01 శాతము కనబడినను లైసెన్సు ఒక సంవత్సరము పోవును.

ఒక వైపు జీవనోపాధి, మరియొక వైపు ప్రాణరక్షణ. ఈ రెంటిని తూచుటకు ఆ దేశమువారు పన్నిన పద్ధతియే ‘పరిమిత లైసెన్సు’. దీనికి దేశమంతటికి ఒకటే చట్టము లేదు. లైసెన్సు రాష్ట్రముల అధికారము. ఒక్కొక్క రాష్ట్రమున ఒక్కొక్క పేరు, ఒక్కొక్క నియమము. మన తెలుగువారు అధికముగా నున్న మూడు రాష్ట్రములను ఉదాహరణముగా తీసికొందము.

మొదటిది కాలిఫోర్నియా. త్రాగి నడపినాడని పట్టుకొన్న పోలీసు లైసెన్సు కార్డును తీసికొని, ఒక కాగితము నిచ్చును. అది 30 రోజులు చెల్లు తాత్కాలిక లైసెన్సు. మరియు ఆ పిమ్మట లైసెన్సు నిలుపుదల యగునను నోటీసు. ఇచ్చట మన పిల్లలు చేయు పెద్ద పొరపాటు ఒకటి కలదు. కోర్టు తేదీ రెండు నెలల తరువాత గదా, అప్పుడు చూచుకొందమని ఊరకుందురు. కాని అచ్చట వ్యవహారములు రెండు. కోర్టులో నేరవిచారణ యొకటి. మోటారు వాహనముల శాఖలో లైసెన్సు విచారణ రెండవది. ఈ రెండవదానికి కాగితము అందిన 10 రోజులలోపల కోరవలెను. కోరనిచో ఆ అవకాశము పోవును. కోర్టులో ఏమైనను శాఖ తన పని తాను చేయును.

మొదటి తప్పునకు, పరీక్షకు ఒప్పుకొన్నవానికి, శాఖవారు విధించు నిలుపుదల 4 నెలలు. దీనిలో 30 రోజులు చక్రము ముట్టరాదు. ఆ పిమ్మట మద్యపాన విద్యా తరగతులలో చేరి, ప్రత్యేక భీమా పూచీ చూపి, రుసుము చెల్లించినవానికి పరిమిత లైసెన్సు దొరకును. దానితో ఇంటినుండి పనికి, పనినుండి ఇంటికి, పనిలో భాగముగా అవసరమైన చోట్లకు, ఆ తరగతులకు మాత్రమే నడపవచ్చును. ఇట్లు 5 నెలలు. పెండ్లికి పోరాదు, గుడికి పోరాదు, మిత్రుని విందుకు అసలే పోరాదు. 2019లో మరియొక మార్గమును తెరచిరి. కారులో శ్వాస యంత్రమును అమర్చుకొన్నవాడు ఎచ్చటికైనను పోవచ్చును, కాని ఊదనిదే కారు కదలదు. ఇక పరీక్షకే నిరాకరించినవానికి నిలుపుదల ఒక సంవత్సరము. పనికి పోవు పరిమితానుమతి అతనికి సామాన్యముగా దొరకదు.

రెండవది టెక్సస్. అచ్చట విచారణ కోరుటకు గడువు నోటీసు అందిన 15 రోజులు. కోరనిచో నోటీసు అందిన 40వ రోజున నిలుపుదల ప్రారంభమగును. మొదటిసారి పరీక్షలో తప్పినవానికి 90 రోజులు, నిరాకరించినవానికి 180 రోజులు. ఆ కాలమున పనిమీద నడపుటకు ‘ఆక్యుపేషనల్ లైసెన్సు’ అనునది కలదు. దీనిని ఇచ్చునది కోర్టు. అర్జీదారుడు తన ఉద్యోగము, చదువు, సంసారపు తప్పనిసరి పనులు ఏవో చూపవలెను. న్యాయమూర్తి ఆజ్ఞలో ఏ దినములలో, ఏ గంటలలో, ఏ పనికి, ఏ ప్రాంతమున నడపవచ్చునో వ్రాయును. సామాన్యముగా దినమునకు 4 గంటలు. అవసరము రుజువైనచో 12 గంటల వరకు. ఆ ఆజ్ఞ నకలును ఎల్లప్పుడు దగ్గర ఉంచుకొనవలెను. పోలీసు ఆపి, ఈ వేళ ఈ దారిలో ఏల ఉన్నావని అడిగినచో ఆ కాగితమే జవాబు చెప్పవలెను. ఆ గంటలు దాటి నడపుట మరల క్రొత్త నేరము.

ఒక్కసారి దీనిని ఊహింపుడు. ఇంటి యజమాని ఉదయము ఏడు గంటలకు బయలుదేరును. సాయంకాలము ఆరు గంటలలోపల ఇల్లు చేరవలెను. దారిలో చక్కెర కొనవచ్చునా అనునది కూడ ఆజ్ఞను చూచి తెలిసికొనవలసిన ప్రశ్న. భార్య లైసెన్సు లేనిదైనచో రాత్రి బిడ్డకు జ్వరము వచ్చినపుడు పొరుగువారిని లేపవలెను. జైలు గోడలు లేవు, అయినను గడియారమే గోడగా మారును. చాలమంది మగవారికి జుల్మానాకంటె ఇదియే ఎక్కువ బుద్ధి చెప్పినదనుట సహజము.

మూడవది న్యూజెర్సీ. అచ్చట త్రాగి నడపుట క్రిమినల్ నేరము కాదు, ట్రాఫిక్ తప్పిదము. ఇది విని మెత్తని చట్టమనుకొనరాదు. పనికి పోవుటకు గంటలు వ్రాసి ఇచ్చు పరిమిత లైసెన్సు ఆ రాష్ట్రమున లేదు. పోయిన లైసెన్సు పూర్తిగా పోయినట్లే. 2019 డిసెంబరునుండి అమలులోనికి వచ్చిన సవరణ వలన, మొదటిసారి పట్టుబడి కొలత 0.08కి పైబడి 0.10 లోపల నున్నవాడు శ్వాస యంత్రమును కారులో అమర్చుకొని నడపుకొను వీలు కలిగెను. రాష్ట్రము మారినచో న్యాయమెంత మారునో ఈ మూడింటిని బట్టి గ్రహింపవచ్చును. డల్లాసులోని మేనల్లునికి జరిగిన దానిని బట్టి ఎడిసనులోని కుమారునికి సలహా చెప్పుట ప్రమాదకరము.

లారీలు, బస్సులు నడపి బ్రతుకువారి సంగతి వేరు. వాణిజ్య వాహనములకు కేంద్ర నియమము కలదు. మొదటి తప్పునకే ఒక సంవత్సరము అనర్హత, రెండవదానికి జీవితాంతము. లారీ నడపుటకు పరిమితానుమతి నిచ్చు అధికారము రాష్ట్రములకు లేదు. నలువది టన్నుల బండిని మత్తువాని చేతిలో పెట్టుటకు ఎవరి జీవనోపాధియు సమాధానము కాదని వారి నిర్ణయము. అది న్యాయమే.

శ్వాస యంత్రమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలెను. దీనిని ‘ఇగ్నిషన్ ఇంటర్‌లాక్’ అందురు. డ్రైవరు ముందున్న గొట్టములో ఊదవలెను. ఊపిరిలో నిర్ణీత కొలతకు మించి మద్యమున్నచో ఇంజను కదలదు. పిల్లవానిచేత ఊదించి తాను నడపుదునన్న వీలు లేకుండ, దారిలో కూడ అప్పుడప్పుడు మరల ఊదుమని యంత్రము పిలుచును. ఊదినది, తప్పినది, దాటవేసినది అంతయు అందులో నమోదగును. నియమిత కాలమునకు ఒకసారి తీసికొనిపోయి తనిఖీ చేయించవలెను. ఖర్చు సామాన్యముగా తప్పు చేసినవానిదే. న్యూ మెక్సికో రాష్ట్రము 2005లో మొదటి తప్పు చేసినవారందరికి దీనిని తప్పనిసరి చేసెను. నేడు 50 రాష్ట్రములలోను దీనిని గూర్చిన చట్టము లున్నవి. యంత్రము కారులోనున్నంత కాలము మరల అదే నేరమునకు పట్టుబడుట సుమారు 70 శాతము తగ్గునని అచ్చటి వ్యాధి నివారణ సంస్థవారు చెప్పుచున్నారు. తీసివేసిన పిమ్మట ఆ మేలు చాలవరకు తగ్గిపోవును. కనుక యంత్రము చేతిని పట్టుకొనును గాని మనసును మార్చలేదని తెలియుచున్నది.

ఇపుడు అసలు ప్రశ్నకు వత్తము. ఇట్టి అనుమతి దయయా, న్యాయమా? బిడ్డను పోగొట్టుకొన్న తల్లి దృష్టితో చూచినచో, ఒక నెల కాగానే వాడు మరల చక్రము పట్టుట మంట పుట్టించును. ఆమె కోపము తప్పనుటకు ఎవరికి నోరు వచ్చును? కాని రెండవ వైపున కొన్ని సంగతు లున్నవి. లైసెన్సు పూర్తిగా తీసినంత మాత్రమున అందరు నడపుట మానుటలేదు. పనిపోవునను భయముతో పెక్కుమంది దొంగతనముగా నడపుచుందురు. వారికి భీమా ఉండదు. పోలీసును చూచి పారిపోవుదురు. అట్టి నడపుటకు కాలిఫోర్నియాలో మొదటిసారియే 10 రోజులకు తక్కువ కాని జైలు శిక్ష విధింపవచ్చునని చట్టమున్నను అది ఆగలేదు. పని పోయినవాని యింట బాధపడువారు భార్యాబిడ్డలు. వారు త్రాగలేదు, నడపలేదు. ఎలుకలున్నవని ఇంటికి నిప్పు పెట్టుకొందుమా అని మన పెద్దలు ఊరకే అనలేదు.

కావున నాకు తోచునది ఇది. పరిమిత లైసెన్సు తప్పును మన్నించుట కాదు. తప్పు చేసినవానిని కట్టడిలో నుంచి, అతని నమ్ముకొన్నవారి కూడు చెడకుండ కాచుట. అయితే ఇది మంచిదగుటకు మూడు షరతు లుండవలెను. ముందు కొంత కాలము పూర్తి నిలుపుదల తప్పక ఉండవలెను. లేనిచో దండన యను భావమే కలుగదు. రెండవది, యంత్రముగాని, గంటల పట్టికగాని, తరగతిగాని, కనిపెట్టి చూచు ఏర్పాటు ఉండవలెను. మూడవది, ఆ షరతులను అతిక్రమించినవానికి రెండవ అవకాశము సులభముగా దొరకరాదు. ఈ మూడింటిలో ఏది లోపించినను అది ఆ తల్లికి చేసిన అన్యాయమే యగును.

ముందు లైసెన్సు నిలిపి తరువాత విచారించుట న్యాయమా అను ప్రశ్న కూడ అత్యున్నత న్యాయస్థానము వరకు పోయినది. మసాచుసెట్స్ రాష్ట్రము పరీక్షకు నిరాకరించినవాని లైసెన్సును విచారణకు ముందే 90 రోజులు నిలుపుటను 1979లో న్యాయమూర్తులు అయిదుగురు సమర్థింపగా నలుగురు కాదనిరి. వెంటనే విచారణ కోరు వీలున్నది గనుక చాలునని అధిక సంఖ్యాకుల అభిప్రాయము. ఒక్క ఓటు తేడా! మహా న్యాయవేత్తలకే ఈ త్రాసు సమముగా తూగుట కష్టమైనదని దీనివలన తెలియును.

విదేశీయులగు మన బిడ్డలకు మరియొక చిక్కు కలదు. త్రాగి నడపినాడని పట్టుబడుటయే చాలును. నేరము రుజువు కాకపూర్వమే అమెరికా విదేశాంగ శాఖవారు అతని వీసాను రద్దు చేయవచ్చును. 2015 తరువాత ఇట్టి రద్దులు తరచైనవి. వీసా రద్దైనంత మాత్రమున, ఆ దేశమున నున్నవాని నివాసానుమతి తనంతట పోదు. కాని అతడు చెల్లెలి పెండ్లికో, తండ్రి కర్మకో మన ఊరు వచ్చినచో తిరిగిపోవుటకు క్రొత్త వీసా కావలెను. అప్పుడు వారు నియమించిన వైద్యునిచే పరీక్ష చేయించుకొని, మద్యపాన వ్యసనము లేదని తేలవలెను. కనుక ఒక బిడ్డ రెండేండ్లు ఊరికి రాక సాకులు చెప్పుచున్నచో దానికి ఇట్టి కారణము కూడ ఉండవచ్చును. నిలదీసి తిట్టుటకు ముందు మెల్లగా అడుగుడు.

మన దేశపు చట్టమును కూడ చూతము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము 100 మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాములకు మించి మద్యమున్నచో నేరము. అమెరికా కొలత ఇదే లెక్కలో 80. అనగా మన కొలత వారికంటె కఠినము. 2019 సవరణ తరువాత మొదటి తప్పునకు 6 నెలల వరకు జైలు, లేక 10,000 రూపాయల జుల్మానా, లేక రెండును. మరల చేసినచో 2 సంవత్సరముల వరకు జైలు, లేక 15,000 రూపాయలు, లేక రెండును. న్యాయస్థానము లైసెన్సుకు అనర్హత విధింపవచ్చును. అన్ని రకముల వాహనములకు గాని, ఒక రకమునకు మాత్రమే గాని విధించు వీలున్నది. కాని పనివేళలను బట్టి, పోవు పనిని బట్టి నడపనిచ్చు ఏర్పాటు మన చట్టమున లేదు.

ఉండవలెనా? ఆటోతో ఆరుగురిని పోషించువాని కథ వేరు, విందునుండి కారులో తూలుచు వచ్చువాని కథ వేరు అని మనకు తోచును. అయితే ఆటోవాడు తన బండిలో మన పిల్లలను బడికి తీసికొనిపోవువాడు. అమెరికావారు లారీ డ్రైవరునకు ఏల మినహాయింపు లేదనిరో ఇచ్చట జ్ఞాపకము చేసికొనవలెను. తన పనికి తాను పోవుటకు ఇచ్చు అనుమతి యొకటి. పదిమంది ప్రాణములను చేతబట్టి నడపుటకు ఇచ్చు అనుమతి మరియొకటి. ఈ భేదమును మరువక ఈ గ్రంథాలయమున యువకులు ఒకనాడు దీనిపై చర్చ జరిపినచో బాగుండును. కఠినమైన కొలత మనకున్నది. పట్టుబడిన తరువాత ఆ మనిషిని దిద్దు తరగతులు, యంత్రములు మనకు కావలసి యున్నవి.

చివరకు ఇంటివారికి పనికివచ్చు నాలుగు మాటలు చెప్పి ముగించెదను. ఇట్టి వార్త వచ్చినపుడు మొదట అడుగవలసిన ప్రశ్న “ఎందుకు త్రాగితివి?” అనునది కాదు. దానికి జీవితమంతయు కాలమున్నది. “నీ కిచ్చిన కాగితములో గడువెన్ని రోజులు?” అని అడుగుడు. 10 రోజులో, 15 రోజులో, ఆ గడువు తల్లిదండ్రుల కన్నీటి కొరకు ఆగదు. రెండవది, ఆ రాష్ట్రమున లైసెన్సుగల న్యాయవాదినే ఆశ్రయింపుమని చెప్పుడు. స్నేహితుల వాట్సాపు సలహాలు చాలవు. వీసా మీద నున్నవాడైనచో వలస చట్టము తెలిసిన న్యాయవాదిని కూడ అడుగవలెను. మూడవది, పరిమిత లైసెన్సు దొరికినచో అందులోని ప్రతి అక్షరమును చదివి పాటింపుమని చెప్పుడు. అది సగము లైసెన్సు కాదు, పూర్తి పరీక్ష. నాలుగవది, ఈ వార్తను వీధిలో పరువు ప్రశ్నగా చేయకుడు. పరువు భయముతో దాచిన సంగతి గడువు దాటిన పిమ్మటనే బయటపడును.

దూబగుంట స్త్రీలు ఒక పాఠము చదివి తమ ఊరిని మార్చుకొనిరి. ఇచ్చట పోలీసు చేతికిచ్చిన ఒక్క కాగితమును సకాలమున చదివి అర్థము చేసికొన్నచో ఒక సంసారము నిలుచును. ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా మీకు నేర్పినది ఆ చదువే. తెలుగు పత్రికలతోపాటు ఇట్టి చట్టములను సులభముగా వివరించు పుస్తకములను కూడ ఒక బీరువాలో చేర్చుడని కార్యవర్గమును కోరుచున్నాను. విదేశమున కొడుకున్న ప్రతి తండ్రియు ఒక పుస్తకము వెల పంపుమని ఆ కొడుకును అడిగినచో ఆ బీరువా ఒక సంవత్సరములోనే నిండును.

 ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము కూడ ఇదే అరుగుమీద, ఇంతకు రెట్టింపు చదువరులతో జరుపుకొనుగాక యని కోరి సెలవు తీసికొనుచున్నాను.